32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు కాళ్లను సిద్ధం చేసుకోవడం

నానీకి,

అత్త ఆశీస్సులు. ఈ ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నావనీ, మీ ఆఫీసులో పదిమంది నువ్వు నడిచిన కిలోమీటరుకు 50 రూపాయల చొప్పున అంధ పిల్లల హాస్టలుకి ఇస్తామన్నారనీ మీ అమ్మ చెప్పింది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, వ్యాయామమంటే చిన్నప్పటి నుంచీ పడదు, వీడు నడవగలడా అని బెంగ పెట్టుకుంది. నడవగలవు. కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ నడకలో ఆయాసంతో ఆగిపోయేవాళ్లు తక్కువ. పాదాలు పాడై ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరంలో గుండె గురించి కొంచెం, అరికాళ్ల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకో. దారి 32 కిలోమీటర్లు. నీ అడుగులో చెప్పాలంటే 44 వేల అడుగుల దాకా. కొండ దిగువ తొలి పావంచా (మెట్ల దారిలో మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా మళ్లీ తొలి పావంచాకి చేరాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు నాలుగున్నర కిలోమీటర్లు నడిస్తే ఏడు గంటలు పడుతుంది. ఆ రోజు జనం, నీళ్ల కోసం ఆగడం, కాసేపు కూర్చోవడం అన్నీ కలిపి తొమ్మిది పది గంటలు వేసుకో. అంటే నువ్వు సాధన చేయాల్సింది వేగం కాదు, అంతసేపు కాళ్ల మీద ఉండటం.

ప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు. ఉగాది రోజున మొదలుపెడితే నీకు సుమారు వంద రోజులు, అంటే 14 వారాలు దొరుకుతాయి. ఆ మధ్యలో అధికమాసం పడిన ఏడాదైతే ఇంకో నాలుగు వారాలు కలిసొస్తాయి. మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి బీపీ, షుగరు చూపించుకో. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, మోకాలు వాయడం లాంటివి ఏమున్నా దాచకుండా చెప్పు.

మొదటి రెండు వారాలు వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు. అంతకు మించొద్దు (ఆదివారం నడక వేరే, కింద చెబుతాను). కొత్త ఉత్సాహంలో మొదటి ఆదివారమే పది కిలోమీటర్లు నడిచేసి, సోమవారం నుంచి ముంగాళ్ల (మోకాలి కింద ముందు వైపు) నొప్పితో మూలనపడేవాళ్లు చాలామంది. గుండె, ఊపిరితిత్తులు మూడు నాలుగు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే బంధాలకూ నెలలు పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని దూరం పెంచితే దెబ్బ తగిలేది వాటికే. మూడో వారం నుంచి వారంలో నాలుగు రోజులు మామూలు నడక పెట్టుకుని, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ 50 నిమిషాల దగ్గర ఆపు. పక్కన నడిచే మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ నీ వేగం.

అసలు పని ఆదివారం పొడవు నడకది. వారం వారం కిలోమీటర్లు ఇలా వేసుకో: 3, 4, 6, 5, 8, 10, 8, 12, 15, 12, 18, 22, ఆ తర్వాత 12, చివరి ఆదివారం 6. నాలుగో వారంలో, ఏడో వారంలో, పదో వారంలో దూరం తగ్గించానే, అది పొరపాటు కాదు. ఆ వారాల్లోనే కాళ్లు కోలుకుని గట్టిపడతాయి. బాగానే ఉన్నాను కదా అని వాటిని దాటెయ్యకు. 32 కిలోమీటర్లు ముందే ఒకసారి నడిచి చూడాలని అనిపిస్తుంది. వద్దు. 22 దాకా సజావుగా వెళ్లినవాడికి మిగతా పది ఆ రోజు జనంతో పాటు జరిగిపోతాయి. ముందే అంతా నడిస్తే ఆ అలసట తీరడానికి రెండు వారాలు పోతాయి.

ఇక నడవబుద్ధి కాకపోవడం సంగతి. పొద్దున్నే లేచి "ఈరోజు వెళ్లాలా వద్దా" అని ఆలోచించడం మొదలుపెడితే సగం రోజులు వద్దనే అనిపిస్తుంది. ఆ ఆలోచనకు చోటివ్వకు. కాఫీ తాగి గ్లాసు కడిగి పెట్టగానే బూట్లు వేసుకోవడం, అంతే. బూట్లు, సాక్సులు రాత్రే గుమ్మం దగ్గర పెట్టుకో. ఒళ్లు మరీ బద్ధకించిన రోజున పది నిమిషాలు నడిచి అప్పటికీ వద్దనిపిస్తే వెనక్కి వచ్చెయ్. రావడానికి కూడా ఆ పది నిమిషాలు నడవాలి కాబట్టి 20 నిమిషాలు పూర్తయినట్టే. పొడవు నడకకు పార్కు చుట్టూ తిరగొద్దు. ప్రతి రౌండుకూ ఇంటికి పోయే గేటు కనబడుతుంది, మనసు లాగుతుంది. సిటీ బస్సెక్కి ఎనిమిది కిలోమీటర్ల అవతల దిగి, ఇంటికి నడిచి రా. సగంలో మానేసే దారి ఉండదు. మార్చి దాటాక మీ హైదరాబాదు ఎండ సంగతి తెలిసిందే, ఐదింటికల్లా రోడ్డు మీద ఉండాలి.

వారానికి రెండుసార్లు ఇంట్లో పావుగంట ఈ రెండు పనులు చెయ్యి. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం, 12 సార్ల చొప్పున మూడు విడతలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పది సార్ల చొప్పున రెండు విడతలు. పిక్క, తొడ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నడిచి వచ్చాక ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి, గోడను తోస్తూ పిక్క సాగదియ్యి, అర నిమిషం చొప్పున మూడుసార్లు. పొద్దున మంచం దిగగానే మొదటి అడుగులో మడమ సూది గుచ్చినట్టు ఉంటే దూరం తొందరగా పెంచావని అర్థం. ఆ వారం దూరం సగానికి తగ్గించి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద రోజూ పది నిమిషాలు దొర్లించు. ముంగాలి ఎముక పక్కన నొప్పి వస్తే సాధారణంగా అడుగు మరీ పొడుగ్గా వేస్తున్నావన్నమాట. అడుగు చిన్నది చేసి, సంఖ్య పెంచు.

చాలామందికి చెప్పులు లేకుండా నడవడమే మొక్కు. నీ మొక్కులో అది ఉందో లేదో ఇప్పుడే తేల్చుకో, ఎందుకంటే రెండింటికీ తయారీ వేరు. ఉత్త కాళ్లతో అయితే మొదటి వారం నుంచే నున్నటి నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి పది నిమిషాల చొప్పున తారురోడ్డు మీద పెంచు. అరికాలి చర్మం ఒక్క నెలలో మందమెక్కదు. మధ్యాహ్నం తారు మీద కాళ్లు పెట్టొద్దు. చివరి వారంలో కాళ్లు నానబెట్టి గరుకు రాయితో రుద్ది మెత్తగా చేసుకోవద్దు, కష్టపడి సంపాదించిన తోలు అదే. షుగరు ఉన్నవాళ్లు మాత్రం ఉత్త కాళ్లతో నడవకూడదు. అరికాలు మొద్దుబారి ఉంటే గుచ్చుకున్నదే తెలియదు. ఇంకో సంగతి, తొలి పావంచా దగ్గర వేల కాయలు కొడతారు. నేలంతా కొబ్బరి నీళ్లతో జారుడు, జనం కాళ్ల కింద చిప్పల ముక్కలు. ఆ మొదటి వంద గజాలు కింద చూసుకుంటూ నడువు. అక్కడ కోసుకున్న పాదంతో మిగతా దారి నడవలేవు.

బూట్లతో అయితే సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు పట్టే ఖాళీ ఉండాలి, అంటే మామూలు సైజు కంటే అర సైజు పెద్దది. కొత్తవి ఆ రోజుకని దాచుకోవద్దు, కనీసం 80 కిలోమీటర్లు నడిచి అరగదీసినవే వేసుకో. నూలు సాక్సులు చెమట పీల్చి తడిగా ఉండిపోతాయి, పాలిస్టర్ కలిసినవి మేలు. గోళ్లు మూడు రోజుల ముందు అడ్డంగా తిన్నగా కత్తిరించు.

బొబ్బ ఎలా వస్తుందో తెలిస్తే ఆపడం తేలిక. తడి చర్మం, ఒరిపిడి, వేడి, ఈ మూడూ కలవాలి. బొబ్బ లేచే ముందు అరగంట నుంచీ ఆ చోట చురుక్కుమంటూ ఉంటుంది. ఇంకో కిలోమీటరు పోయాక చూద్దాంలే అనుకోకు, అక్కడే ఏదైనా అరుగు మీద కూర్చో. సాక్సు తీస్తే రూపాయి బిళ్లంత మేర ఎర్రగా, ముట్టుకుంటే వెచ్చగా కనబడుతుంది. పొడిబట్టతో పూర్తిగా తుడిచి, రెండు నిమిషాలు గాలికి ఆరనిచ్చి, మెడికల్ షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ ముక్క కత్తిరించు. నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే సాక్సుకి తగిలి మూల లేచి, అదే చుట్టుకుపోయి కొత్త బొబ్బ తెస్తుంది. ముడత లేకుండా అంటించి, అరచేత్తో ఒక నిమిషం అదిమి పట్టుకో. వేళ్ల సందుల్లో, తొడలు ఒరుసుకునే చోట బయలుదేరేముందే వాజిలైన్ రాసుకో. కొబ్బరినూనె గంటలో ఇంకిపోతుంది.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, అప్పుఘర్ దగ్గర చాలామంది సముద్ర స్నానం చేస్తారు. పుణ్యం సరే, కానీ అక్కడికి ఇంకా సగం పైనే దారి మిగిలి ఉంటుంది. తడి బట్టలతో, వేళ్ల మధ్య ఇసుకతో, ఆరిన ఉప్పుతో నడక సాగిస్తే సీతమ్మధార చేరేలోపు తొడలు, పాదాలు రెండూ పచ్చిపుండ్లవుతాయి. నెత్తిన నీళ్లు చల్లుకుంటే చాలు. మునగాలనే ఉంటే పొడి పంచె, పొడి తువ్వాలు, ఇంకో జత సాక్సులు సంచిలో ఉండాలి. మంచినీళ్లతో కాళ్లు కడుక్కుని, వేలు వేలూ తుడుచుకుని, వాజిలైన్ మళ్లీ రాసుకునే కదులు.

నీళ్ల విషయంలో తక్కువా ఎక్కువా రెండూ ప్రమాదమే. హైదరాబాదు ఎండలో చెమట ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. విశాఖలో సముద్రపు గాలి తేమకి చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకని రెండు రోజుల ముందే విశాఖలో మా ఇంటికి వచ్చెయ్. నడకలో గంటకు అర లీటరు చొప్పున, గుక్క గుక్కగా తాగు. పొడవు నడకకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే నీ లెక్క నీకే తెలుస్తుంది: కిలో తగ్గితే లీటరు లోటు. బరువు పెరిగితే ఎక్కువ తాగావు. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుని, వికారంగా ఉంటే ఉత్త నీళ్లు ఎక్కువై ఒంట్లో ఉప్పు పలచబడిందని అనుమానించు. నీళ్లు ఆపి, వైద్య శిబిరంలో చూపించుకో. రెండు గంటలకోసారి ఓఆర్ఎస్ తాగు. పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు.

దారి పొడవునా పులిహోర, మజ్జిగ, పళ్లు, బిస్కెట్లు ప్రేమగా చేతిలో పెడతారు. ప్రతి పందిరి దగ్గరా తింటే కడుపు బరువై, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. గంటకు ఒక అరటిపండో, చిన్న పల్లీ చిక్కీ ముక్కో చాలు. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం వదులుకోకు.

కొత్తవాడివి కాబట్టి ఎండ తగ్గాక సాయంత్రం బయలుదేరు. రాత్రంతా నడక కాబట్టి, సాధనలో కనీసం రెండు పొడవు నడకలు రాత్రి పూట పెట్టుకో. వీలైతే ఒకసారి ముందే వచ్చి హనుమంతవాక నుంచి ఎన్ఏడీ దాకా నడిచి చూడు. ఎన్ఏడీ దగ్గరే చాలామంది మనసు విరుగుతుంది. ఆటోలు కనబడతాయి, కాళ్లు బరువెక్కుతాయి. అక్కడ పది నిమిషాల కంటే ఎక్కువ కూర్చోకు, కీళ్లు బిగుసుకుపోతాయి.

ఛాతీలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో ఒక్కసారిగా చెమట ఆగిపోవడం, ఒకే పిక్క వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనబడ్డా నడక అక్కడితో ఆపి 108కి ఫోన్ చెయ్యాలి.

చందా సంగతి ఇప్పుడే మాట్లాడుకో. పదిమంది, 32 కిలోమీటర్లు, 50 రూపాయలు, మొత్తం 16 వేలు. మధ్యలో ఆగితే నడిచిన దూరానికి ఇస్తారా, మొత్తం ఇస్తారా అన్నది ముందే తేలాలి. తేలకపోతే, 25వ కిలోమీటరులో కుంటుతూ కూడా పిల్లల డబ్బు పోతుందని నడుస్తావు. డబ్బు నీ చేతికి తీసుకోకు, నేరుగా హాస్టలు ఖాతాకే వేయించు. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలనేవాళ్లకి పాత పన్ను పద్ధతిలోనే వర్తిస్తుందనీ, నగదైతే 2000 రూపాయలు దాటితే పనికిరాదనీ చెప్పు.

తొలి పావంచాకి చేరాక వెంటనే కూలబడకు, పది నిమిషాలు మెల్లగా అటూ ఇటూ తిరుగు. దర్శనానికి పైకి మెట్ల దారిన వద్దు, దేవస్థానం బస్సెక్కు. పౌర్ణమి నాడు స్వామికి నాలుగో విడత చందనం సమర్పిస్తారు, క్యూలో గంటలు నిలబడాలి, దానికి కాళ్లలో కొంత మిగుల్చుకో. బొబ్బలు చిదమొద్దు. తిరుగు ప్రయాణం టికెట్ పౌర్ణమి రాత్రికి తీసుకోకు. అలసిన కాళ్లు వేలాడేసుకుని రాత్రంతా కూర్చుంటే పాదాలు వాస్తాయి. మర్నాటి రాత్రికి, పడుకునే బెర్తుకి చేయించుకో. ఒక రోజు మా ఇంట్లో కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకుందువుగాని.

మీ అత్త