ఇంటర్న్‌షిప్‌లో రోజూ ఏడుస్తోంది.. టీచర్ కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ చదివి, ప్రాథమిక తరగతుల టీచర్ శిక్షణ అయిన డీఈఎల్ఈడీలో చేరింది. ఇప్పుడు రెండో ఏడాది. ఇంటర్న్‌షిప్ కోసం పక్క ఊళ్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్తోంది. నెల రోజులుగా ఇంటికొచ్చి ఏడుస్తోంది. పిల్లలు మాట వినరట, పాఠం సాగడం లేదట. మా తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో డేటా అనలిటిక్స్ నేర్చుకుని ఉద్యోగంలో చేరాడు. అమ్మాయిని మాన్పించి ఆ ఆరు నెలల కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి. - ఓ తండ్రి

జవాబు: మాన్పించకండి. పోలిక తర్వాత చూద్దాం. ఇంటర్న్‌షిప్ మొదలైందంటే చాలు, ఏటా నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. తోటివాళ్ల పిల్లలు ముందుకెళ్లిపోతున్నారు, మనమ్మాయిని తప్పు దారిలో పెట్టామేమోనన్నది మీ అసలు టెన్షన్. అది తండ్రికి ఉండేదే. కానీ దాన్ని తీర్చుకోవడానికి ఆమె కన్నీళ్లను కారణంగా చూపకండి. ఆమె దేనికి ఏడుస్తోందో మీరు సరిగా అడిగినట్టు కూడా నాకు అనిపించడం లేదు.

కాలేజీలో పాఠ్యపథకం రాయించేటప్పుడు ఒకే తరగతి, ఒకే పాఠం, పిల్లలంతా ఒకే స్థాయి అన్నట్టు రాయిస్తారు. బడికెళ్తే ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుని ఉంటాయి. నేనూ టీచర్ ట్రైనింగ్ చేసినవాడినే. మూడో తరగతికి బోర్డు మీద నాలుగు వాక్యాలు రాస్తే ఒక పిల్లాడు ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకున్నాడు. మురిసిపోయి, 'చదువు నాన్నా' అన్నాను. నోరు విప్పలేదు. 'మ' మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే పక్కవాడి మొహం చూశాడు. మూడేళ్లుగా వాడు అక్షరాలు రాయడం లేదు, బొమ్మల్లా గీస్తున్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పాఠ్యపథకం పక్కన పెట్టి, వాడితో పాటు మరో నలుగురిని వరండాలో కూర్చోబెట్టుకుని వాళ్ల పేర్లలోని అక్షరాలతోనే మొదలుపెట్టాను. వాడి పేరులో 'మ' ఉంది. ట్రైనింగ్ అయిపోయే ముందు ఒకరోజు నా చెయ్యి పట్టి లాక్కెళ్లి, గోడ మీద రాసి ఉన్న 'మన బడి'ని వేలు పెట్టి చదివి చూపించాడు.

మీ అమ్మాయి ఇప్పుడు అలాంటి పిల్లల మధ్యే ఉంది. పాఠం అందని పిల్లలే ఎక్కువగా అల్లరి చేస్తారు. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలుపెట్టింది కూడా 1 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చిన్న లెక్కలు పట్టుబడేలా చేయడానికే. క్లాస్ టీచర్‌ని అడిగి ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఒక కాగితం మీద రాసుకోమనండి. గుణింతాలు రానివాళ్లకు రోజూ ఓ ఇరవై నిమిషాలు విడిగా ఇవ్వమనండి. గైడ్‌గా ఉన్న లెక్చరర్ ఏమంటారోనని భయపడుతుంటే, పరిశీలనకు వచ్చినప్పుడు ఆ కాగితమే చూపించమనండి.

ఇక మీరు మోజుపడుతున్న కోర్సు. మీ తోడల్లుడి కొడుకు ఏ డిగ్రీ తర్వాత అది నేర్చుకున్నాడో కనుక్కున్నారా? అందులో నేర్పే ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటివి ఎవరైనా నేర్చుకోవచ్చు, కాదనను. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి బీటెక్‌లు, స్టాటిస్టిక్స్ డిగ్రీలు చేసినవాళ్లు వరుసలో ఉంటారు. మీ అమ్మాయి పదో తరగతితో లెక్కలు వదిలేసింది, చేతిలో డిగ్రీ లేదు. ఆరు నెలల తర్వాత సర్టిఫికెట్‌తో ఆమె ఎక్కడ నిలబడుతుంది? ఫీజు కట్టి, ఏడాది పోగొట్టుకుని, తిరిగి డిగ్రీలో చేరతామంటూ వచ్చిన పిల్లలతో నేను చాలాసార్లు మాట్లాడాను. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అన్న మాట నమ్మి మీరు ఆ పని చేస్తే బాధ్యత మీదే అవుతుంది, ఆమెది కాదు.

టీచర్ దారిలో అంతా సాఫీ అని కూడా చెప్పను. ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఈడీ సరిపోదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఆ తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులకు మీ అమ్మాయి చదువుకు విలువ పెరిగింది. 2024 తెలంగాణ డీఎస్సీ టీచర్ నియామకాల్లో 11,062 పోస్టులుంటే అందులో 6,508 ఎస్జీటీవే. కానీ అంతకు ముందు నియామకాల దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2017 నాటిది; 2023లో ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. ఆ మధ్య ఏళ్లలో ఎందరో ప్రైవేటు బడుల్లో చిన్న జీతాలకు నెట్టుకొచ్చారు. అందుకే కోర్సు అవగానే టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రాయాలి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనైనా డిగ్రీ మొదలుపెట్టాలి. డిగ్రీ ఉంటే రేపు ఏ రంగం వైపు వెళ్లాలన్నా వీలుంటుంది. మీ డేటా కోర్సు కూడా అప్పుడు ఆలోచించవచ్చు.

ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, 'ఏ పిల్లల గురించమ్మా నీ బాధ' అని అడగండి. ఒకరిద్దరి పేర్లు చెప్పి, వాళ్లకేం రావడం లేదో చెబుతూ ఏడిస్తే కంగారు పడకండి, వినండి. పిల్లల దగ్గరికి వెళ్లాలంటేనే చిరాకుగా ఉందంటే మాత్రం నాకు మళ్లీ రాయండి, అప్పుడు వేరే దారి వెతుకుదాం. ఈలోగా ఆ ఆరు నెలల కోర్సుకు అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే వెనక్కి అడగండి.