గ్రంథం చదివితే నమ్మకం కలుగుతుందా?

ప్రశ్న: నేనూ, నాతో ఇంజనీరింగ్ చదివిన ఒక మిత్రుడూ చాలాకాలంగా మతం గురించి వాదించుకుంటూ ఉంటాం. అతను దేవుణ్ణి నమ్మడు. వాళ్ల ఇంట్లో హేతువాదం తాతగారి కాలం నుంచీ ఉంది. ఖురాన్‌ను నిజాయితీగా చదివితే ఎంతటి నాస్తికుడైనా మారక తప్పదని మా పెద్దలు అంటుంటే, తెలుగు అనువాదం ఒకటి అతనికి కానుకగా ఇచ్చాను. సగం పైగా చదివి, ‘‘బాగానే ఉంది, కానీ నాలో ఏ మార్పూ రాలేదు’’ అన్నాడు. లోపం అతను చదివిన తీరులో ఉందా, లేక ఇచ్చిన నాలో ఉందా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ పెద్దలు ఇచ్చిన హామీని ఖురాన్ ఎక్కడా ఇవ్వలేదు. రెండవ సూరా (అధ్యాయం) మొదట్లోనే ఆ గ్రంథం తనను భయభక్తులు గలవారికి మార్గదర్శకమని చెప్పుకుంటుంది. అదే సూరా 26వ వాక్యం, దేవుడు చెప్పే ఒకే ఉపమానం వల్ల అనేకులు దారి తప్పుతారనీ, అనేకులు దారికి వస్తారనీ అంటుంది. ‘నీవు ప్రేమించిన వారిని నీవు సన్మార్గానికి తేలేవు’ అన్న భావం గల 28వ సూరా 56వ వాక్యం సాక్షాత్తూ ప్రవక్త ముహమ్మద్‌ను ఉద్దేశించినది. ఆయన్ను పెంచి, మక్కాలో చివరిదాకా కాపాడిన, ఆయన తండ్రికి సోదరుడైన అబూ తాలిబ్ విశ్వాసం ప్రకటించకుండానే మరణించిన సందర్భంలో అది అవతరించిందని సున్నీ వ్యాఖ్యాతలు చెబుతారు (షియాలు ఈ కథనాన్ని అంగీకరించరు). ప్రవక్త నోట నేరుగా విన్నవారి విషయమే ఇలా ఉంటే, ఒక అనువాద ప్రతిని చేతికిచ్చిన మీరు మిమ్మల్ని నిందించుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మక్కా కాలపు (ప్రవక్త మదీనాకు వెళ్లకముందటి) కథనాలను, తరువాత రెండవ ఖలీఫా అయిన ఉమర్ దగ్గరే ఆపివేయడం మన ఉపన్యాసకులకు అలవాటు. ప్రవక్తను చంపడానికి బయలుదేరిన ఉమర్ సోదరి ఇంట్లో తాహా సూరా చదివి మనసు మార్చుకున్నాడన్నది ప్రసిద్ధమైన కథ. ఇబ్న్ ఇస్‌హాక్ రాసిన ప్రవక్త చరిత్ర మాత్రం, కాబా వస్త్రం చాటున నిలబడి ప్రవక్త పారాయణం విని మారాడన్న మరొక కథనాన్నీ పక్కనే పెట్టింది. కానీ అదే మక్కాలో ఖురైషు తెగ పెద్ద వలీద్ బిన్ ముగీరా కూడా విన్నాడు, ఆ మాటల శక్తికి చలించాడు, ఆపైన బాగా ఆలోచించి ఇది పూర్వం నుంచి వస్తున్న మంత్రవిద్య అని తేల్చాడు. 74వ సూరాలో ఆలోచించి, ముఖం చిట్లించి, వెనుదిరిగిన వ్యక్తి అతనేనని వ్యాఖ్యాతల మాట. అదే తెగకు చెందిన ఉత్బా బిన్ రబీఆ 41వ సూరా విని తిరిగివచ్చినప్పుడు అతని ముఖం మారిపోయి ఉండడం ఖురైషు పెద్దలు గమనించారు. ప్రవక్తను ఆయన మానాన వదిలేయమని అతను వారికి సలహా ఇచ్చాడే గాని, తాను మాత్రం ఇస్లాంలో చేరలేదు. చివరికి 624లో ముస్లింలతో జరిగిన బద్ర్ యుద్ధంలో ఖురైషుల పక్షాన మరణించాడు.

వీరందరికన్నా మీ మిత్రుడి విషయానికి దగ్గరగా వచ్చేవాడు జుబైర్ బిన్ ముత్ఇమ్. బద్ర్‌లో పట్టుబడ్డ తనవారి గురించి మాట్లాడడానికి మదీనా వెళ్లినప్పుడు, సాయంకాలపు నమాజులో ప్రవక్త 52వ సూరా చదవడం విన్నాడు. ఏమీ లేకుండానే వీరు పుట్టుకొచ్చారా, లేక వీరే సృష్టికర్తలా అన్న ప్రశ్న దగ్గర తన గుండె ఎగిరిపోతుందేమో అనిపించిందని ఆయనే తరువాత చెప్పినట్టు బుఖారీ హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాల) సంకలనంలో ఉంది. అయినా ఆయన వెంటనే ముస్లిం కాలేదు. మక్కాకు తిరిగి వెళ్లి, కొన్ని సంవత్సరాలు గడిచాకే ఆ నిర్ణయం తీసుకున్నాడు. వినడానికీ విశ్వసించడానికీ మధ్య ఏళ్లు పట్టవచ్చు. లేదా ఆ రెండోది ఎన్నటికీ జరగకపోవచ్చు.

ఇంకొక సంగతి మనం తరచూ మరిచిపోతాం. ఖురాన్‌లో కనిపించే తిరస్కారులు నేటి నాస్తికులు కారు. భూమ్యాకాశాలను ఎవరు సృష్టించారని వారిని అడిగితే అల్లాహ్ అనే చెబుతారని 29వ సూరా అంటుంది. వారికి మింగుడుపడనిది మరణానంతరం మళ్లీ లేవడం. పొడిపొడి అయిన ఎముకలకు ప్రాణం పోసేదెవరన్నది 36వ సూరాలో వారు వేసిన ప్రశ్న. ఈ జీవితం తప్ప మరేమీ లేదు, కాలమే మనల్ని నశింపజేస్తుంది అనేవారి ప్రస్తావన 45వ సూరాలో వస్తుంది గాని, ఆ వాదంతో గ్రంథం ఎక్కువసేపు తలపడదు. వానను, పంటను, రేయింబవళ్లను చూపిస్తూ ‘ఇది చూసీ కృతజ్ఞత చూపరా?’ అని నిలదీసే గ్రంథం అది. దేవుడున్నాడని మెట్టుమెట్టుగా నిరూపించే తర్కశాస్త్రం కాదు. మీ మిత్రుడు రుజువుల కోసం వెతికి ఉంటే, అతనికి కనిపించినవి హెచ్చరికలు. ఇందులో అతని నిజాయితీని శంకించడానికి ఏమీ లేదు. పైగా తెలుగునాట హేతువాద కుటుంబాల్లో పెరిగినవారికి, ‘సూతపురాణం’ రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి కాలం నుంచీ, ధర్మగ్రంథాన్ని సాక్షి బోనులో నిలబెట్టి ప్రశ్నించడం అలవాటు. ఆ పద్ధతి వల్ల గ్రంథం గురించి చాలా తెలుస్తుంది, కానీ ప్రశ్నిస్తున్న వకీలు తీర్పు వచ్చేదాకా సాక్షి మాటకు లొంగడు కదా.

చదివి మారినవారు లేరని నా అభిప్రాయం కాదు. ఆస్ట్రియన్ యూదు కుటుంబంలో పుట్టిన లియోపోల్డ్ వైస్ 1926లో బెర్లిన్ భూగర్భ రైల్లో సుఖవంతులైన ప్రయాణికుల ముఖాల్లో దుఃఖం గమనించి, ఇంటికి వెళ్లి, తెరిచి ఉన్న ఖురాన్‌లో మనిషి ఆశకు అంతులేదని చెప్పే 102వ సూరా చూసి, ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ అసద్ అయ్యాడు. అయితే అంతకుముందు కొన్నేళ్లుగా విలేకరిగా అరబ్బు దేశాల్లో తిరిగి, ముస్లింల మధ్య నివసించిన మనిషి అతను. ఆ సాయంత్రం చదివిన కొద్ది పంక్తులే ఆ పనంతా చేశాయనడం కష్టం. అమెరికా గణితాచార్యుడు జెఫ్రీ లాంగ్ ఒకప్పుడు నాస్తికుడు. రక్తం చిందించే మనిషిని భూమిపై ఎందుకు నియమిస్తున్నావని దేవదూతలు దేవుణ్ణి అడిగే 2వ సూరా 30వ వాక్యం, తాను దేవుడిపై మోపిన అభియోగమే అయినందుకు ఉలిక్కిపడ్డానని ఆయన రాశాడు. తన ప్రశ్న గ్రంథంలో ఎదురైన పాఠకుడికీ, ప్రశ్నే లేని పాఠకుడికీ ఒకే పుటలో ఒకే అనుభవం కలగదు.

ఈ వాదనకు అసలైన పరీక్ష అనువాదకులే అని నేననుకుంటాను. అనువాదకుడి కంటే శ్రద్ధగా చదివేవాడు ఉండడు. 1734లో ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన జార్జ్ సేల్ క్రైస్తవుడిగానే ఉన్నాడు. 1880లలో బెంగాలీలోకి తెచ్చిన గిరీశ్ చంద్ర సేన్ బ్రహ్మసమాజాన్ని (బెంగాలు సంస్కరణోద్యమాన్ని) వీడలేదు. తెలుగులోకి తెచ్చిన భాషావేత్త చిలుకూరి నారాయణరావు హిందువుగానే జీవించారు. మార్మడ్యూక్ పిక్థాల్ విషయంలో వరుస తిరగబడింది. ఆయన 1917లోనే ఇస్లాం స్వీకరించి, తరువాత హైదరాబాదులో నిజాం కొలువులో ఉంటూ, చాదర్‌ఘాట్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా కూడా పనిచేసి, 1930లో అనువాదం ప్రచురించాడు. కాబట్టి ‘నిజాయితీగా చదివితే’ అన్న షరతును మీ మిత్రుడిపై ప్రయోగించకండి. చదివి మారనివారందరికీ నిజాయితీ లేదనే అర్థం అందులోంచి వస్తుంది. ఏ పుట దగ్గర ఆగాడో, ఏ మాట నచ్చలేదో అడగండి. మీ స్నేహానికి ఆ సంభాషణ మేలు చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి చిన్నప్పుడే ఖురాన్ పూర్తి చేశాడు, ఆమీన్ వేడుక (పఠనం పూర్తయినందుకు చేసేది) కూడా చేశాం. బెంగళూరులో ఉద్యోగంలో చేరాక నమాజు మానేశాడు. ‘‘దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు అమ్మీ’’ అంటున్నాడు. మళ్లీ కూర్చోబెట్టి చదివిస్తే మారతాడా?
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, మీ అబ్బాయి పూర్తి చేసినది అరబ్బీ పఠనం. మన ఇళ్లలో చాలామంది పిల్లల్లాగే అతనూ అర్థం తెలియకుండానే చదివి ఉంటాడు. అర్థంతో చదవడం అతను ఇంకా మొదలుపెట్టకపోయి ఉండవచ్చు. కానీ ఉద్యోగం చేసుకునే కొడుకును కూర్చోబెట్టి చదివించడం కుదిరే పని కాదు, మంచిదీ కాదు. నీవు గుర్తు చేసేవాడివే గాని వారిపై అధికారివి కావని 88వ సూరా ప్రవక్తతోనే అంటుంది. మృతులను ఎలా లేపుతావో చూపించమని ఇబ్రాహీం ప్రవక్త దేవుణ్ణి అడిగినప్పుడు, ‘నమ్మవా?’ అన్న ప్రశ్నకు ‘నమ్ముతాను, మనసు కుదుటపడడానికి’ అని జవాబిచ్చిన వృత్తాంతం 2వ సూరా 260వ వాక్యంలో ఉంది. ఆ అడిగినందుకు ఆయనకు శిక్ష పడలేదు. మధ్యయుగపు ఇస్లామీయ పండితుడు ఇమాం గజాలీ యౌవనంలో దాదాపు రెండు నెలలు ఇంద్రియాలనూ బుద్ధినీ కూడా నమ్మలేని స్థితిలో గడిపానని రాసుకున్నాడు. అందులోంచి తనను బయటపడేసినది వాదనల కూర్పు కాదనీ, దేవుడు హృదయంలో వేసిన వెలుగనీ ఆయనే చెప్పాడు. మీ అబ్బాయి తన సందేహాన్ని దాచకుండా మీతోనే చెప్పాడు. ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట చెప్పడానికి అతను జంకే పరిస్థితి రానివ్వకండి.

ప్రశ్న: నేను ముస్లింను కాను, మారే ఉద్దేశమూ లేదు. తెలుసుకోవాలని ఖురాన్ మొదలుపెట్టి రెండవ సూరాలోనే ఆగిపోయాను. ఎలా చదవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీలా అలసిపోయినవారు చాలామందే ఉన్నారు. ప్రవక్తను ఎంతో మెచ్చుకుంటూ 1840లో ఉపన్యసించిన థామస్ కార్లైల్ కూడా ఈ గ్రంథం చదవడం ప్రయాసే అన్నాడు. ఇందులోని 114 సూరాలు అవతరించిన క్రమంలో లేవు. స్థూలంగా పెద్దవి ముందు, చిన్నవి చివర ఉంటాయి. 286 వాక్యాల రెండవ సూరాలో అప్పు పత్రాలు, విడాకులు, ఉపవాసాల నియమాలు వరుసగా ఎదురవుతాయి. మీరు 78వ సూరా నుంచి చివరి దాకా ఉన్న చిన్న సూరాలతో మొదలుపెట్టండి. ఎక్కువ భాగం మక్కా కాలానివి. మొదట విన్నవారు పారాయణంగా విన్నారు గనుక, అరబ్బీ రాకపోయినా ఒకటి రెండు సూరాల పఠనం వినండి. ఆపైన ఒకే కథగా సాగే 12వ సూరా యూసుఫ్, మరియ, ఈసా (యేసు)ల వృత్తాంతం ఉన్న 19వ సూరా చదివి, అప్పుడు రెండవ దానికి తిరిగి రండి. 4వ, 9వ సూరాల్లో స్త్రీల గురించీ యుద్ధం గురించీ వచ్చే కఠినమైన వాక్యాలను దాటవేయకండి. వాటి దగ్గర మాత్రం రెండు అనువాదాలు, ఒక వ్యాఖ్యానం పక్కన పెట్టుకోండి.