ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్లు, రోల్స్, రిసోర్సులు ఎలా సర్దుకోవాలి? మా విజయనగరం ఆఫీసు అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: శ్రీకాకుళంలో 20 మంది ఉన్న కాంట్రాక్టు ఆఫీసు మీది. పనులు, గంటలు రాసుకునే రెడ్‌మైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. తొందరలో అందరికీ అడ్మిన్ ఇచ్చేశారు. మానేసిన సూపర్‌వైజర్ అకౌంట్ డిలీట్ చేస్తే ఆయన రాసిన గంటలన్నీ ‘అనానిమస్’ పేరు మీదకి పోయాయి. ఇప్పుడు అకౌంట్లు, రోల్స్ (ఎవరు ఏం చేయవచ్చో చెప్పే అనుమతులు), మెషీన్లు, కూలీల లెక్క మొదటి నుంచి ఎలా పెట్టుకోవాలి అని అడిగారు.

నేను విజయనగరంలో రోడ్లు, కల్వర్టులు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లానింగ్ చూస్తున్నాను. మా సైట్లు చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి వైపు ఉంటాయి. మొదట్లో మా సైట్ వాళ్లందరికీ కలిపి ఒకటే లాగిన్ ఉండేది, పేరు ‘సైట్’. పాస్‌వర్డ్ స్టోర్ గోడ మీద రాసి ఉండేది. ఒక కల్వర్టు స్లాబుకి కట్టిన ఇనుము ఇంకా ఎవరూ చూడకముందే ఆ పని ‘క్లోజ్డ్’ అని ఎవరో మార్చేశారు. అది చూసి స్టోర్ వాళ్లు మిక్సర్, సిమెంటు పంపేశారు. తీరా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు వచ్చి కాంక్రీటు ఆపించారు. కూలీలకి ఆ రోజు కూలి ఊరికే ఇవ్వాల్సి వచ్చింది. హిస్టరీ తెరిస్తే మార్చింది ‘సైట్’ అనే ఉంది. తప్పు కొత్తగా చేరిన కుర్ర ఇంజినీరు మీద పడింది. తను కాదని చెప్పుకోవడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు. పది రోజుల తర్వాత మార్చిన మనిషి తనంతట తాను ఒప్పుకున్నాడు గానీ, ఆ పది రోజులూ ఆ కుర్రాడు మధ్యాహ్నం మాతో కూర్చుని అన్నం కూడా తినలేదు. అతని పేరున వేరే లాగిన్ ఉండి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ముందు మనిషికో అకౌంట్ చేయండి. కొందరు సూపర్‌వైజర్లకి మెయిల్ ఉండదు, రెడ్‌మైన్‌కి అది తప్పనిసరి కాబట్టి ఆఫీసు తరఫున ఒకటి చేసివ్వండి. సెట్టింగ్స్‌లో సెల్ఫ్ రిజిస్ట్రేషన్ (ఎవరికి వారే అకౌంట్ తెరుచుకోవడం) ఆపేయండి. కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడు ‘పబ్లిక్’ అనే టిక్ ముందే పెట్టి ఉంటుంది, అది తీసేయండి. మన రేట్లు, బిల్లులు అందులోనే ఉంటాయి కదా. అడ్మిన్ అకౌంట్లకి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం) పెట్టండి, 4.2 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది.

మనిషి మానేస్తే డిలీట్ చేయకండి, లాక్ చేయండి. లాక్ చేస్తే లాగిన్ ఆగిపోతుంది, పేరూ గంటలూ చరిత్రా అలాగే ఉంటాయి. కానీ లాక్ చేసే ముందు ఆ మనిషి పేరు మీద తెరిచి ఉన్న పనులన్నీ ఫిల్టర్ చేసి వేరొకరికి మార్చండి. లాకైన మనిషికి మెయిల్స్ వెళ్లవు. మార్చకపోతే ఆ పనులు ఎవరికీ గుర్తు రాకుండా అక్కడే ఉండిపోతాయి.

ఇక రోల్స్. అసలు ఉపయోగం ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. అడ్మిన్ అనేది రోల్ కాదు, అకౌంట్ మీద పెట్టే ఒక టిక్. అది ఉన్న మనిషికి మీరు ఏ రోల్ ఇచ్చినా ఏ తేడా ఉండదు, అన్ని ప్రాజెక్టుల్లో అన్నీ చేయగలడు. ఇద్దరికి ఉంచి మిగతా అందరికీ తీసేయండి. మా ఓనరు గారు మొదట ఒప్పుకోలేదు. “నా కంపెనీలో నాకే అడ్మిన్ లేకపోతే ఎలాగమ్మా?” అన్నారు. అన్ని పనులూ, అన్ని గంటలూ చూడగలిగే రోల్ ఒకటి చేసి ప్రతి ప్రాజెక్టులోనూ ఆయనకి ఇచ్చాను. ఆయనకి కావలసింది చూడటమే. రెండో రోజు నుంచి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

రెడ్‌మైన్‌తో వచ్చే మేనేజర్, డెవలపర్, రిపోర్టర్ పేర్లు మార్చుకోవచ్చు. మేము సైట్ ఇంజినీర్, క్యూసీ (నాణ్యత చూసేవాళ్లు), స్టోర్, ప్లానింగ్ అని పెట్టుకున్నాం. రోల్ ప్రాజెక్టుకి వేరువేరుగా ఇస్తాం కాబట్టి రాజాం పనిలో సైట్ ఇంజినీరుగా ఉన్న మనిషే బొబ్బిలి పనిలో క్యూసీగా ఉండొచ్చు. వర్క్‌ఫ్లో అనే పేజీలో ఏ రోల్ వాళ్లు పనిని ఏ స్థితి నుంచి ఏ స్థితికి మార్చవచ్చో టిక్ పెట్టాలి. మా సైట్ ఇంజినీర్లు ‘పూర్తయింది’ వరకే మార్చగలరు, ‘క్లోజ్డ్’ చేయగలిగేది క్యూసీ ఒక్కరే. ఆ పేజీలోనే ఫీల్డ్ పర్మిషన్లు కూడా ఉంటాయి. గడువు తేదీని సైట్ వాళ్లకి రీడ్ ఓన్లీ చేశాం, అంటే చూడగలరు గానీ మార్చలేరు. ఇప్పుడు చీపురుపల్లి నుంచి “అయిపోనాది మేడం” అని ఫోనొచ్చినా స్టోర్ వాళ్లు బండి కదపరు, క్యూసీ క్లోజ్ చేసేదాకా ఆగుతారు.

మేము పొరపాటు పడినది ఒకటి చెప్తాను. ఒక మనిషికి రెండు రోల్స్ ఇస్తే వాటి అనుమతులు కలుస్తాయి, తగ్గవు. ‘చూడటానికి మాత్రమే’ అనే రోల్ అదనంగా ఇచ్చి అధికారం తగ్గించామనుకున్నాం. ఏమీ తగ్గలేదు. పెద్ద రోల్ తీసేస్తేనే తగ్గుతుంది. గ్రూపు ద్వారా వచ్చిన రోల్‌ని ఒక్క మనిషికి విడిగా తీయలేం కూడా, ఆ మనిషిని గ్రూపులోంచే తీయాలి.

రిసోర్సుల సంగతి వేరు. లాగిన్ ఉన్నవాళ్లంతా రిసోర్సులు కారు, రిసోర్సులన్నిటికీ లాగిన్ అక్కర్లేదు. జేసీబీకి పాస్‌వర్డ్ ఎందుకు? రెడ్‌మైన్‌లో మెషీన్ల పేర్లతో ఒక కస్టమ్ ఫీల్డ్ (మనం అదనంగా చేర్చుకునే గడి) పెట్టుకుంటే రోజువారీ పనికి సరిపోతుంది. అసలు ప్లాను మాత్రం నేను నా కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో వేస్తాను. అందులో రిసోర్సులు మూడు రకాలు. మనుషులు, మెషీన్లు ‘వర్క్’. సిమెంటు, ఇనుము ‘మెటీరియల్’. బస, ప్రయాణం లాంటివి ‘కాస్ట్’. మ్యాక్స్ యూనిట్స్ అనే గడిలో ఒక్కోదానికి 100% లెక్క: రెండు జేసీబీలుంటే 200%, పన్నెండు మంది మేస్త్రీలుంటే 1200%. ఒకే రోజు రెండు సైట్లకి ఒకే జేసీబీ రాసేస్తే పని పక్కన ఎర్ర మనిషి బొమ్మ వస్తుంది. అది కనపడితే తేదీలు తానే సర్దేసే లెవెలింగ్ బటన్ నొక్కేయకండి. దానికి మన రోడ్ల సంగతి తెలియదు, ఏ పనినైనా వెనక్కి తోసేస్తుంది. సైట్ వాళ్లతో మాట్లాడి చేత్తో సరిచేయండి.

క్యాలెండర్ తప్పకుండా మార్చుకోండి. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ‘స్టాండర్డ్’ క్యాలెండర్ అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకే. మనకి శనివారం పని ఉంటుంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ఆ రోజు ఇక్కడ ఏ సైటూ నడవదు, సెలవుగా ముందే రాసుకుంటాను. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఉభాలప్పుడు (వరినాట్లప్పుడు) తగులుతుంది. కూలీలు పొలాలకి వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా, వాళ్ల తిండిగింజలవి. రిసోర్స్ ఇన్ఫర్మేషన్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఎన్ని యూనిట్లు దొరుకుతాయో రాసే పట్టిక ఉంటుంది. అందులో జూలై, ఆగస్టు నెలలకి 20 మందిని 8కి తగ్గిస్తాను. ఇది రాయడం మొదలుపెట్టాక వర్షాకాలంలో సైట్ ఇంజినీర్లని తిట్టే పరిస్థితి పోయింది.

చివరగా మీ సూపర్‌వైజర్ గారి గంటలు. డిలీట్ చేసిన తేదీకి ముందటి డేటాబేస్ బ్యాకప్ ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని వేరే కంప్యూటర్లో ఎక్కించి ఆయన గంటల జాబితా తీసుకోండి. అసలు రెడ్‌మైన్‌లో ఆయన పేరుతో కొత్త అకౌంట్ తెరిచి ప్రాజెక్టులో చేర్చండి. ఇతరుల తరఫున గంటలు రాసే అనుమతి ప్లానింగ్ రోల్‌కి ఇచ్చి ఆ జాబితా ప్రకారం ఎక్కించి, అనానిమస్ కింద ఉన్న పాతవి తీసేయండి. ఎక్కించడం అయ్యాక ఆ అకౌంట్‌ని లాక్ చేయండి. మాకు ఇలాగే అయినప్పుడు రెండు సాయంత్రాలు పట్టింది.