ఉప్పాడ ముందా, బీచ్ పార్కు ముందా?

వయసైన అమ్మానాన్నలు, ఆరేళ్ల పాపతో ఒక్క రోజులో కాకినాడ దగ్గరి మత్స్యకారుల ఊరు ఉప్పాడ, కాకినాడ బీచ్ పార్కు రెండూ చూడగలమా అని అడిగారు కదండీ. హాయిగా చూడొచ్చు. ఉప్పాడే ముందు పెట్టుకోండి, అదీ పొద్దున్నే. చేపల సందడి అప్పుడే, ఎండెక్కాక వెళ్తే ఆరేసిన వలలే మిగులుతాయి. మేం ఏడింటికి వెళ్లేసరికి ఒక పెద్దావిడ గంప దించి, వంజరం మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా, తడిగా ఉంది, అంటే తాజా చేపే. అయినా బేరం ఆడాల్సిందే! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో వెళ్తే సందడి ఉండదు.

పాపను మాత్రం అక్కడ నీళ్లలోకి దింపొద్దు. తీరం కోతకు గురవుతోందని ఒడ్డు పొడవునా బండరాళ్లు పోశారు, పాచి పట్టి జారతాయి. సముద్రం పోటు మీదుంటే అలలు రోడ్డు మీదికే వస్తాయి. తుఫాను సమయంలో కాకినాడ నుంచి ఉప్పాడ వచ్చే బీచ్ రోడ్డు మూసేస్తారు, అప్పుడు పిఠాపురం మీదుగా తిరిగి రండి.

మధ్యాహ్నం ఎండలో తిరగకుండా ఉప్పాడలోనే జాందానీ చీరలు నేసే మగ్గం చూపించండి, అమ్మగారికి నచ్చుతుంది. పర్సు జాగ్రత్త. నాలుగు దాటాక వాకలపూడిలో ఉన్న కాకినాడ బీచ్ పార్కుకి రండి, పాప ఆటలన్నీ అక్కడే. చేపలు కొంటే ఐసుపెట్టె మర్చిపోకండి, మా కారు వారం రోజులు కంపు కొట్టింది.