వ్యంగ్య పోస్టుకు పరువు నష్టం నోటీసు వస్తే

మీ కడప వీధిలోని గుంతలపై పెట్టిన వ్యంగ్య చిత్రానికి కార్పొరేటరు తరఫున లాయరు నోటీసు వచ్చిందనీ, వ్యంగ్యానికి పరువు నష్టం చట్టం వర్తించదు కదా అనీ అడిగారు. వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 499, 500 సెక్షన్ల స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను, వ్యంగ్యంగా చేసిన ఆరోపణ కూడా పరువు నష్టం కావచ్చని తన వివరణలోనే చెబుతోంది. రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు; సమాజ సేవను కూడా శిక్షగా కొత్తగా చేర్చారు.

అనంతపురంలో మేము నడిపే పేజీకీ ఇలాంటి నోటీసే వచ్చింది. వాన వెలిశాక రోడ్డు గుంతల్లో నిలిచిన నీళ్లను ఫొటో తీసి, "కరువు జిల్లాకు కొత్త రిజర్వాయరు మంజూరైంది" అని రాశాం. బిల్లులో సగం ఫలానా వారి జేబులోకి పోయిందని కూడా రాద్దామని మిత్రుడొకడు పట్టుబట్టాడు గానీ, చేతిలో కాగితం లేకుండా ఆ మాట వద్దని ఆపించాను. నోటీసు చూసిన వకీలు గారు మొదట ఆరా తీసింది సరిగ్గా దాని గురించే. రిజర్వాయరు మాటను ఎవరూ నిజమని నమ్మరు, అది రోడ్డు పనిపై మా అభిప్రాయం. జేబు మాట మాత్రం నిరూపించాల్సిన ఆరోపణ. ప్రజా సమస్యలో ఒకరి నడవడికపై సద్భావంతో చెప్పిన అభిప్రాయానికి అదే సెక్షనులో మినహాయింపు ఉందని చూపిస్తూ ఆయన జవాబు పంపారు. తర్వాత అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు, మేము పోస్టూ తీయలేదు.

ఆరోపణే చేసి ఉంటే, క్రిమినల్ కేసులో అది నిజమని చూపితే సరిపోదు, ప్రజాహితం కోసం చెప్పినట్టు కూడా చూపాలి. సివిల్ దావాలో నిజమే తగిన రక్షణ.

నోటీసు అంటే కేసు కాదు. ఈ నేరంలో మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు. సాధారణంగా బాధితుడే కోర్టులో ఫిర్యాదు వేయాలి, దాన్ని స్వీకరించే ముందు మీ వాదన వినాలని, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షను అంటోంది. (మన వైపు నోటీసు కంటే ముందు ఫోను వస్తుంది, అది బెదిరింపైతే రికార్డు దాచుకోండి.) ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసింది. అయితే అశ్లీలంగా మార్చిన ఫొటోకు ఐటీ చట్టం 67, కులమతాల మధ్య విద్వేషం రేపితే న్యాయ సంహిత 196 వేరుగా ఉన్నాయి.

మీ బొమ్మలో గుంతలు, కార్పొరేటరు హామీ మాత్రమే ఉంటే, తీసేయకుండా అసలు ఫొటోను తేదీతో సహా భద్రపరచి, గడువులోగా వకీలు ద్వారా జవాబివ్వండి. డబ్బు ప్రస్తావన ఉంటే, జవాబు రాయించే ముందే ఆ పని బిల్లుల నకళ్లకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.