తల్లికి షుగర్ ఎక్కువైతే పుట్టిన బిడ్డకు ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. మొదటి గర్భం, ఇప్పుడు 31వ వారం. 26వ వారంలో గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షలో పరగడుపున 99, గంట తర్వాత 171, రెండు గంటల తర్వాత 146 వచ్చాయి. గర్భధారణ మధుమేహం అన్నారు. ఆహారం మార్చుకున్నాను. భోజనమైన గంటకు 130 దాటడం లేదు కానీ పరగడుపున మాత్రం 98 నుంచి 106 మధ్యే ఉంటోంది. కొన్నాళ్లు రాత్రి భోజనం మానేసి చూశాను, లాభం లేదు. స్కాన్‌లో బిడ్డ కాస్త పెద్దగా ఉందన్నారు. ఇన్సులిన్ మొదలుపెట్టాలని మా డాక్టర్ చెప్పారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదని, బిడ్డకూ మంచిది కాదని ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. నా స్నేహితురాలికి ఇలాగే షుగర్ వస్తే, పుట్టిన బిడ్డకు షుగర్ పడిపోయి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉంచారు. తల్లికి ఎక్కువైతే బిడ్డకు తగ్గడం ఎలా? నా బిడ్డ మధుమేహంతో పుడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ బిడ్డ మధుమేహంతో పుట్టదు. మీ స్నేహితురాలి బిడ్డకు వచ్చినదీ మధుమేహం కాదు, ఒక రకంగా దానికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అందుకని మీ రక్తంలో చక్కెర పెరిగినప్పుడల్లా బిడ్డకు అదనపు చక్కెర అందుతుంది, దాన్ని వాడుకోవడానికి కావలసిన ఇన్సులిన్‌ను బిడ్డ క్లోమం (పాంక్రియాస్) తానే తయారు చేసుకోవాలి. గర్భస్థ శిశువు క్లోమం ఆ పని చక్కగా చేస్తుంది, నిజానికి అవసరానికి మించి చేస్తుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించారు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఆయన మాటను బలపరిచాయే తప్ప కొట్టేయలేదు.

కడుపులో ఉన్నప్పుడు ఇన్సులిన్ చక్కెరను అదుపు చేయడంతో ఆగదు, ఎదుగుదలకు తోడ్పడే హార్మోన్‌గానూ పనిచేస్తుంది. అది ఎక్కువైన బిడ్డకు భుజాల దగ్గర, ఛాతీ చుట్టూ, పొట్ట మీద కొవ్వు చేరుతుంది. తల మాత్రం అంతగా పెరగదు. సాధారణ కాన్పులో తల బయటికి వచ్చి భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఇందువల్లే. ఇక పుట్టాక ఏమవుతుందో చూడండి. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయడానికి అలవాటుపడ్డ క్లోమం మాత్రం వెంటనే ఆగదు. ఉన్న కాస్త చక్కెరనూ ఆ ఇన్సులిన్ ఖర్చు చేసేస్తుంది. అందుకే మొదటి కొన్ని గంటల్లో బిడ్డకు షుగర్ పడిపోతుంది.

ఏ నవజాత శిశువుకైనా పుట్టిన గంట రెండు గంటలకు షుగర్ కొంత తగ్గి తిరిగి తనంతట తానే పెరుగుతుంది. గర్భంలో ఇన్సులిన్ ఎక్కువైన పిల్లల్లో అది మరింత లోతుకు పడవచ్చు, ఎక్కువసేపు అలాగే ఉండిపోవచ్చు. అలాంటప్పుడు బిడ్డ వణకవచ్చు, మందకొడిగా ఉండవచ్చు, పాలు సరిగా తాగకపోవచ్చు. ఏ లక్షణమూ లేకుండా కూడా ఉండవచ్చు. కాబట్టి చూసి తెలుసుకుందామని ఆగకుండా మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. మొదటి గంటలోపే తల్లిపాలు పట్టడం, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచడం, ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి పాలివ్వడం: చాలామందికి ఇంతకు మించిన చికిత్స అక్కర్లేదు. చాలకపోతే చెంప లోపలి వైపు గ్లూకోజ్ జెల్ రాస్తారు. న్యూజీలాండ్‌లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం తర్వాత ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. అప్పటికీ నిలవకపోతేనే ఎన్‌ఐసీయూ, సెలైన్ ద్వారా గ్లూకోజ్. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో బిడ్డ క్లోమం కొత్త పరిస్థితికి సర్దుకుంటుంది. మీ స్నేహితురాలి బిడ్డకూ బహుశా ఇదే జరిగి ఉంటుంది.

ఈ పిల్లల్లో కామెర్లు, రక్తంలో ఎర్ర కణాలు ఎక్కువగా ఉండడం, కాల్షియం తగ్గడం, మొదట్లో ఊపిరికి కొంత ఇబ్బంది కూడా కనిపించవచ్చు. వీటిని పిల్లల డాక్టర్లు గమనిస్తూనే ఉంటారు, మీరు ఇప్పటి నుంచే దిగులు పెట్టుకోనక్కర్లేదు. అవయవ లోపాల భయం ఉంటే, బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునేది మొదటి వారాల్లో. మీకు షుగర్ పెరిగింది ఆ దశ దాటాక. గర్భం రాకముందే మధుమేహం ఉన్న స్త్రీల విషయం వేరు. వారు గర్భానికి ప్రయత్నించే ముందే హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) వీలైతే 6.5 శాతం లోపుకు తెచ్చుకోవాలి.

ఇక ఇన్సులిన్ సంగతి. మీ ఇంట్లో వాళ్ల భయం నాకు కొత్త కాదు, కానీ అది తలకిందులైన భయం. ఇన్సులిన్ మాయను దాటదని పైన చెప్పాను కదా. మీరు తీసుకునే ఇన్సులిన్ బిడ్డను తాకదు, మీ రక్తంలోని అదనపు చక్కెరను మాత్రం బిడ్డ వరకు పోనివ్వదు. తీసుకోకపోతే ఆ పనిభారం బిడ్డ క్లోమం మీద పడుతుంది. అంటే ఇన్సులిన్ ఎలాగూ తప్పదు, అది మీకు సూదితో అందాలా, బిడ్డ క్లోమం నుంచి రావాలా అన్నదే తేలాలి. జీవితాంతం వాడాలన్న మాటా సరికాదు. గర్భంలో ఇన్సులిన్ పనితీరును దెబ్బతీసేవి మాయ నుంచి వచ్చే హార్మోన్లు. కాన్పులో మాయ బయటికి రాగానే వాటి ప్రభావం పోతుంది, గర్భధారణ మధుమేహం ఉన్నవారిలో దాదాపు అందరికీ ఆ రోజే ఇన్సులిన్ ఆపేస్తాం. ఈలోపు మోతాదు వారం వారం పెంచాల్సి వస్తే కంగారు పడకండి. మాయ పెరుగుతోంది కాబట్టి మోతాదూ పెరుగుతోంది.

పరగడుపు షుగర్ మీ ఆహారానికి ఎందుకు లొంగలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఒక తప్పు చేసిన భావం నాకు కనిపించింది. రాత్రంతా మీరేమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచాల్సింది ఇన్సులిన్. అది సరిగా పనిచేయనప్పుడు మీరు రాత్రి తిన్నా మానేసినా పొద్దున అంకె పెద్దగా మారదు. భోజనం తర్వాతి అంకెలు 130 లోపు ఉన్నాయంటే మీ వంతు మీరు బాగా చేస్తున్నట్టే. మిగిలింది తిండితో తీరే సమస్య కాదు. బహుశా రాత్రి పడుకునే ముందు ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ మాత్రలూ వాడతారు కానీ అవి మాయను దాటి బిడ్డకు చేరతాయి, అందుకే చాలామంది డాక్టర్లు ముందుగా ఇన్సులిన్‌కే ఓటు వేస్తారు. నేనూ అంతే.

రాత్రి భోజనం మానడం మాత్రం ఈరోజే ఆపండి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే గర్భిణుల్లో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) త్వరగా పెరుగుతాయి. పైగా బిడ్డకు తక్కువ పోషణ అందడం కూడా మేలు కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవారిని పెద్దయ్యాక పరిశీలిస్తే, చక్కెరను అదుపు చేసుకునే శక్తి వారిలో తక్కువగా ఉందని తేలింది. పిండిపదార్థాలు పూర్తిగా మానకుండా రోజంతా కొద్దికొద్దిగా పంచుకోండి, వాటితో పాటు మాంసకృత్తులు, పీచు ఉండేలా చూసుకోండి. మీ డాక్టర్ నడవవద్దని చెప్పి ఉండకపోతే, ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి.

చేరుకోవాల్సిన అంకెలు: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. అలాగని ఒకరోజు 97 వచ్చిందని కళ్లనీళ్లు పెట్టుకోకండి. తొమ్మిది దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణులను పరిశీలించి 2008లో వెలువరించిన హాపో అధ్యయనంలో తేలింది ఇదే: తల్లి షుగర్ పెరిగే కొద్దీ బిడ్డ బరువు, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ సూచికలు క్రమంగా పెరుగుతాయి. ఫలానా అంకె దగ్గర ప్రమాదం ఉన్నట్టుండి మొదలవదు. కాబట్టి చూడాల్సింది వారం మొత్తం ధోరణి. మీ పరగడుపు షుగర్ వారాల తరబడి 98 కంటే తగ్గడం లేదు, అందుకే మందు అవసరం. చికిత్స వల్ల ఉపయోగమా అంటే, ఉంది. ఆస్ట్రేలియా వైద్యుల నేతృత్వంలో వెయ్యి మంది స్త్రీలపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో చికిత్స తీసుకున్నవారి పిల్లల్లో తీవ్రమైన సమస్యలు 1 శాతం, మామూలు పరిశీలనలో ఉన్నవారి పిల్లల్లో 4 శాతం.

స్కాన్ చెప్పే బరువు అంచనా మాత్రమే, 10 నుంచి 15 శాతం అటూ ఇటూ కావచ్చు. ఆ ఒక్క అంకె చూసి సిజేరియన్ తప్పదని ఇప్పుడే అనుకోవద్దు. 36వ వారం తర్వాత మళ్లీ చూసి, అప్పటి షుగర్ అదుపును బట్టి కాన్పు ఎప్పుడు, ఎలా అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇన్సులిన్ మొదలుపెట్టాక చెమటలు, వణుకు, గుండెదడ, హఠాత్తుగా ఆకలి అనిపిస్తే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే గ్లూకోజ్ తీసుకుని పావుగంటకు మళ్లీ చూడండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం షుగర్ ఎంతున్నా సరే, రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లండి.

బిడ్డ భవిష్యత్తు గురించి కూడా ఒక మాట. అమెరికాలోని పీమా తెగ వారిలో, తల్లికి మధుమేహం రాకముందు పుట్టిన పిల్లలను, వచ్చాక పుట్టిన వారి తోబుట్టువులను పోల్చి చూశారు. మధుమేహం వచ్చాక పుట్టినవారిలోనే పెద్దయ్యాక మధుమేహం ఎక్కువగా కనిపించింది. కుటుంబం ఒకటే కాబట్టి ఇదంతా వంశపారంపర్యం అని సరిపెట్టుకోలేం, కడుపులో గడిచిన నెలలకూ వాటా ఉంది. అయితే అది ముప్పు పెరగడమే, ఖాయం కావడం కాదు. బిడ్డ బరువు, ఆటపాటలు, తిండి అలవాట్లు అన్నీ ఆ తర్వాత లెక్కలోకి వస్తాయి.

మీకు సంబంధించిన ముప్పు ఇంకా దగ్గరలో ఉంది. గర్భధారణ మధుమేహం వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించుకోవాలి. ఆ రోజుల్లో అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది, అందుకే ఎక్కువగా వదిలేసే పరీక్ష కూడా ఇదే. బిడ్డ టీకాల తేదీతో పాటు దీన్నీ ఇప్పుడే రాసిపెట్టుకోండి. వీలైనన్ని నెలలు తల్లిపాలివ్వండి, అది మీ ముప్పునూ కొంత తగ్గిస్తుంది. ఫలితం మామూలుగా వచ్చినా ఏడాది నుంచి మూడేళ్లకోసారి షుగర్ చూపించుకుంటూ ఉండండి. మళ్లీ గర్భం వస్తే 24వ వారం దాకా ఆగకుండా మొదటి సందర్శనలోనే ఈ చరిత్ర మీ డాక్టర్‌కు చెప్పండి.