పెరుగు సంగతి తర్వాత... అసలు అది ఈస్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఇద్దరు పిల్లలు. నాలుగు నెలల కిందట దగ్గుకి యాంటీబయాటిక్ కోర్సు వాడాక కింద విపరీతమైన దురద, తెల్లబట్ట మొదలయ్యాయి. మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకుని రాస్తే తగ్గింది. నెలన్నరకి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే ట్యూబు. ఇప్పుడు మూడోసారి. ఈసారి మాత్రం ఎంత రాసినా లొంగడం లేదు. కొంచెం వాసన కూడా వస్తోంది. శుభ్రత చాలడం లేదేమోనని రోజుకి మూడుసార్లు వేడినీళ్లతో, సబ్బు పెట్టి లోపలిదాకా కడుక్కుంటున్నాను. పెరుగు రాయమని ఒకరు, వెల్లుల్లి రెబ్బ పెట్టుకోమని ఒకరు, వెనిగర్ నీళ్లలో కూర్చోమని ఒకరు చెబుతున్నారు. ఇంట్లో చేసుకునే వైద్యం ఏదైనా చెప్పండి. వెళ్లి చూపించుకోవాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండుసార్లూ ‘కొంచెం వాసన’ అన్న దగ్గరే ఆగిపోయాను. దాన్ని మీరు పనిలో పనిగా రాసేశారు గానీ, నాకు అసలు కబురు అదే. మీరు ట్యూబు రాస్తున్నది ఈస్ట్ అనే ఫంగస్ అనుకుని కదా, ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కి సాధారణంగా వాసన ఉండదు.

మొదటిసారి వచ్చింది ఈస్టే అయి ఉండొచ్చు. కాండిడా అనే ఈ ఫంగస్ చాలామంది ఆడవాళ్లలో ఏ ఇబ్బందీ పెట్టకుండా కొద్దికొద్దిగా ఉంటుంది. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియా దాన్ని పెరగనివ్వదు. దగ్గు కోసం మింగిన యాంటీబయాటిక్‌కి మంచీ చెడూ తెలియదు కదా, ఈ కాపలాదారునీ తుడిచిపెట్టేస్తుంది. ఆ సందులో కాండిడా పెరుగుతుంది. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. కాబట్టి శుభ్రత లోపం అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి.

ఈస్ట్ అయితే తెల్లబట్ట చిక్కగా, విరిగిన పాలలో తేలే ముక్కల్లా ఉంటుంది. దురద ప్రాణం తోడేస్తుంది. యోని బయటి పెదవులు ఎర్రబడి వాస్తాయి, ఒక్కోసారి చర్మం సన్నగా చిట్లుతుంది. మూత్రానికి వెళ్తే చురుక్కుమంటుంది. ఆ మంట లోపల నాళంలో పుట్టేది కాదు, ఒరుసుకుపోయిన చర్మానికి మూత్రం తగిలి వచ్చేది. కలయికలో నొప్పి ఉంటుంది.

తెల్లబట్ట పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో, ముఖ్యంగా కలయిక తర్వాత ఆ వాసన ఎక్కువగా ఉంటే అది ఈస్ట్ కాదు, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. దానికి మీ ట్యూబు నెల రోజులు రాసినా పనిచేయదు, మందే వేరు. పసుపుపచ్చగా, ఆకుపచ్చగా నురగలా వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి. అది కలయిక ద్వారా వచ్చేది, భర్తకీ మందు వాడాల్సిందే. ఒకేసారి రెండు ఇన్ఫెక్షన్లు కలిసి ఉండటం కూడా మామూలే.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో ఈస్ట్ అనుకుని సొంతంగా మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క ఈస్ట్ మాత్రమే ఉన్నవాళ్లు దాదాపు మూడోవంతే తేలారు.

అంతదాకా ఎందుకు, నా సంగతే చెబుతాను. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు పన్ను పీకించుకుని యాంటీబయాటిక్ వాడాను. వారానికల్లా దురద. చదివిన చదువంతా పక్కనపెట్టి, వార్డులో గాయాలు కడిగే యాంటీసెప్టిక్‌ని అందాజాగా నీళ్లలో కలిపి పోసుకున్నాను. ఆ రాత్రి డ్యూటీ అంతా నిలబడే చేశాను, కుర్చీలో కూర్చోలేక! మా సీనియర్ మేడమ్ సంగతి కనిపెట్టి, ‘స్లైడ్ చూసుకున్నావా?’ అని ఒక్క మాట అడిగారు. దూది పుల్లతో తెల్లబట్ట నమూనా (స్వాబ్) తీసి గాజుపలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే వెదురు కణుపుల్లా సన్నటి పోగులు, పక్కన చిన్న చిన్న మొగ్గలు. ఈస్ట్ ఉంది, నిజమే. నన్ను కూర్చోనివ్వని మంట మాత్రం నేను పోసుకున్న మందుది.

మీ మూడుపూటల సబ్బు కూడా అదే పని చేస్తోందని నా అనుమానం. లోపల కడగడం ఇవాళే ఆపేయండి. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. లోపలికి నీళ్లు కొట్టుకునే అలవాటున్నవాళ్లకి ఆ చేపల వాసన జబ్బు ఎక్కువగా వస్తుంది.

ఇక మీకు అందిన సలహాలు. పెరుగు కడుపులోకైతే హాయిగా తినండి. బయట రాస్తే చల్లగా కాసేపు హాయిగా ఉంటుంది, అంతవరకే. యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లకి లాక్టోబాసిల్లస్‌ని నోటి ద్వారా, యోని ద్వారా ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరీక్ష ఒకటి 2004లో వెలువడింది, దానివల్ల ఈస్ట్ రావడం ఆగలేదు. వెనిగర్ వెనక ఉన్న తర్కం ‘ఆమ్లం తగ్గింది కాబట్టి ఈస్ట్ వచ్చింది’ అని. యోని మామూలు పీహెచ్, అంటే పులుపు కొలత, 3.8 నుంచి 4.5; ఈ అంకె ఎంత తక్కువైతే అంత పులుపు. కాండిడా ఆ పులుపులోనే చక్కగా బతుకుతుంది! దానికి ఇంకాస్త పులుపు పోసి ఏం సాధిస్తాం? వెల్లుల్లి సంగతి అడక్కండి. లోపల ఇరుక్కున్న రెబ్బని ఫోర్సెప్స్‌తో తీసిన చేతులివి. ఆవిడకి రెబ్బ చుట్టూ చర్మం కాలినట్టు ఎర్రగా అయిపోయింది. టీ ట్రీ ఆయిల్ కూడా వద్దు. బోరిక్ యాసిడ్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. మొండి రకం కాండిడాకి 600 మి.గ్రా. క్యాప్సూళ్లు యోనిలో పెట్టుకోమని మేము రాసే మాట నిజమే. అది నోట్లోకి వెళ్తే విషం, గర్భిణులకు పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో సొంతంగా తెచ్చిపెట్టుకునే వస్తువు కాదు.

ఇంట్లో చేయగలిగింది లేకపోలేదు. బయట మాత్రం ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. దురద తట్టుకోలేనప్పుడు చల్లటి నీళ్లలో పిండిన గుడ్డ పది నిమిషాలు వేసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి, నిద్రలో గీరుకుంటాం మరి. వదులైన కాటన్ లోదుస్తులు వేసుకోండి, తడిసిన బట్టల్లో ఉండకండి, సువాసన ప్యాడ్లు మానేయండి. ఇవి ఉపశమనానికే, ఫంగస్‌ని చంపవు. చంపేది క్లోట్రిమజోల్ లాంటి మందు, చెప్పినన్ని రోజులూ వాడితే. దురద తగ్గగానే మూడోరోజుకే ట్యూబు మూత పెట్టేస్తాం చూడండి, అక్కడే వస్తుంది చిక్కు. ఇంకో మాట, ఈ క్రీములు కండోమ్‌ని బలహీనపరుస్తాయి.

నాలుగు నెలల్లో మూడోసారి అంటున్నారు కాబట్టి మీరు పరీక్ష చేయించుకోక తప్పదు. స్వాబ్ కల్చర్‌తో (నమూనాలోని క్రిమిని ల్యాబులో పెంచి ఏదో తేల్చే పరీక్ష) పాటు రక్తంలో షుగర్ కూడా చూపించుకోండి, అదుపులో లేని షుగర్‌కి ఇది ఒక్కోసారి తొలి ఆనవాలు. ఇప్పటికే షుగర్ ఉండి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే ఆ మాట తప్పక చెప్పండి. అవి చక్కెరని మూత్రంలోకి తోసేస్తాయి, ఫంగస్‌కి అది విందు. మళ్లీ మళ్లీ వచ్చేది ఈస్టేనని తేలితే ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. మూడు రోజులకొకటి చొప్పున మూడు బిళ్లలు, ఆపైన వారానికొకటి ఆరు నెలలు ఇస్తాం. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఈ బిళ్ల ముట్టుకోవద్దు.

వెళ్లేముందు రెండు రోజులు లోపల ఏమీ పెట్టకండి, పరీక్ష సరిగ్గా రాదు. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, పుండ్లు, రక్తం కనిపిస్తే మాత్రం ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు. సిగ్గంటారా, దూది పుల్లతో స్వాబ్ తీసి, పీహెచ్ కాగితం రంగు చూడటానికి ఐదు నిమిషాలు చాలు. నోటితో చెప్పలేకపోతే నాకు రాసిన ఈ ఉత్తరాన్నే కాగితం మీద రాసుకెళ్లి డాక్టర్ చేతిలో పెట్టండి. నేను అడిగేవన్నీ అందులో ఉన్నాయి.

ప్రశ్న: నాకు 22. పెళ్లి కాలేదు, ఎవరితోనూ సంబంధం లేదు. డాక్టర్ ఈస్ట్ అన్నారు. ఎలా వచ్చింది?

జవాబు: సంబంధం లేకపోయినా వస్తుంది తల్లీ. దీన్ని సుఖవ్యాధుల్లో లెక్కించం. నీకెవరూ అంటించలేదు, నువ్వెవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. డాక్టర్ రాసిన మందు పూర్తిగా వాడు.